పికప్ ట్రక్కు బ్రేక్ ప్యాడ్లు ఇంకెంత దూరం వస్తాయో కొలిచి తెలుసుకోవడం ఎలా?

పికప్ ట్రక్కు బ్రేక్ ప్యాడ్లు ఎంతకాలం వస్తాయని ఎవరిని అడిగినా 40,000 కిలోమీటర్ల నుంచి లక్ష కిలోమీటర్ల దాకా ఏదో ఒక అంకె చెబుతారు. ఆ అంకెల్లో అబద్ధమేమీ లేదు. ఖాళీ బండితో ఎక్కువగా హైవే మీద తిరిగేవారికి లక్ష దాటి కూడా రావచ్చు. నిండు లోడుతో అడుగడుగునా ఆగుతూ, ట్రైలర్ లాగుతూ, ఘాట్ రోడ్లు దిగేవారికి 30,000 లోపే అయిపోవచ్చు. ఒక కొస నుంచి మరో కొసకు మూడింతల తేడా ఉన్న అంచనాను పట్టుకొని బండి నడపడం కుదరదు. అందుకే ఇతరుల అంకెను పక్కన పెట్టి, మీ బండి ప్యాడ్ ఒక మిల్లీమీటర్ అరగడానికి ఎన్ని కిలోమీటర్లు పడుతున్నదో మీరే కొలుచుకొని, దాన్నిబట్టి మిగిలిన ఆయువును లెక్కగట్టే పద్ధతిని ఇక్కడ వరుసగా చెబుతున్నాను. ఇందుకు టార్చిలైటు, కొలత సాధనాలు, జాకీ, స్టాండ్లు, అడ్డుదిమ్మెలు, వీల్ పానా, టార్క్ పానా, ఒక నోటుపుస్తకం ఉంటే చాలు.

పికప్ లెక్క కారు లెక్క ఎందుకు కాదు?

కదిలే బండిలో ఉన్న శక్తిని వేడిగా మార్చి గాలిలోకి వదలడమే బ్రేకు చేసే పని. ఆ శక్తి బరువు పెరిగినంత మేర పెరుగుతుంది, వేగం విషయంలో మాత్రం వర్గం చొప్పున, అంటే వేగం రెట్టింపైతే నాలుగింతలుగా, పెరుగుతుంది. ఉదాహరణకు 2,500 కిలోల పికప్ గంటకు 100 కి.మీ. వేగం నుంచి పూర్తిగా ఆగాలంటే దాదాపు 965 కిలోజౌళ్ల శక్తి ఖర్చు కావాలి. అదే బండి 80 కి.మీ. వేగంలో ఉంటే సుమారు 617 కిలోజౌళ్లతో సరిపోతుంది. వేగంలో తగ్గించింది అయిదో వంతే అయినా బ్రేకుల మీద భారం మూడో వంతుకు పైగా తగ్గిందన్నమాట. ఇప్పుడు ఆ బండికి 1,000 కిలోల సరుకు ఎక్కించి మళ్లీ 100 కి.మీ. వేగం నుంచి ఆపితే లెక్క 1,350 కిలోజౌళ్లకు చేరుతుంది, అంటే ఖాళీ బండి కంటే 40 శాతం ఎక్కువ. అయిదుగురు ఎక్కినా దిగినా కారు బరువులో వచ్చే తేడా కొద్దిగానే ఉంటుంది. పికప్ మాత్రం ఉదయం ఒక బరువుతో, సాయంత్రం మరో బరువుతో తిరుగుతుంది. కాబట్టి ఒకే మోడల్, ఒకే రకం ప్యాడ్లు ఉన్న రెండు బండ్ల ఆయువు కూడా ఒకదానితో ఒకటి పొసగదు.

బండి ఆగేటప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది కనుక ముందు బ్రేకులే మామూలుగా 60 నుంచి 70 శాతం పని చేస్తాయి, వెనుక తొట్టి ఖాళీగా ఉన్న పికప్‌లో ఈ వాటా ఇంకా పెరుగుతుంది. తొట్టి నిండినప్పుడు వెనుక చక్రాలకు పట్టు పెరుగుతుంది, కాబట్టి వెనుక బ్రేకులకు కూడా పని పెరుగుతుంది. పాత పికప్‌లు చాలావాటిలో వెనుక యాక్సిల్ దగ్గర లోడును బట్టి ఒత్తిడిని మార్చే వాల్వు ఒకటి ఉంటుంది, కొత్తవాటిలో ఆ పనిని, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌తో కలిసి పనిచేసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ చూసుకుంటుంది. నాలుగు చక్రాలకూ డిస్కులు (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేలు, ప్యాడ్లు నొక్కేది వీటినే) ఉన్న కొన్ని కొత్త బండ్లలో వెనుక ప్యాడ్లే ముందుగా అరిగిపోతుంటాయి. వాటి మందం మొదటే తక్కువ కావడం, బండి పట్టు తప్పకుండా కాపాడే ఎలక్ట్రానిక్ వ్యవస్థ వాటిని తరచుగా వాడుకోవడం ఇందుకు కారణాలు. ముందువి బాగున్నాయని చూసి వెనుకవాటిని వదిలేసే అలవాటు పికప్‌కు పనికిరాదు.

పెద్ద టైర్లు వేయించుకున్నవారికి ఇంకో చిక్కు ఉంది. టైరు వ్యాసం 10 శాతం పెరిగితే అంతే గట్టిగా ఆగడానికి బ్రేకు 10 శాతం ఎక్కువ బలం చూపాలి. పైగా మీటరు 10,000 కి.మీ. చూపేసరికి బండి నిజానికి 11,000 కి.మీ. నడిచి ఉంటుంది. ప్యాడ్లు త్వరగా పోతున్నాయని అనుకునేవారు ముందుగా ఈ తేడాను లెక్కలోకి తీసుకోవాలి.

మొదటి మెట్టు: కొత్త మందం, ఆఖరి మందం తెలుసుకోండి

బండితో వచ్చిన పుస్తకంలోనో, సర్వీస్ మాన్యువల్‌లోనో మూడు అంకెలు వెతికి రాసుకోండి. మొదటిది కొత్త ప్యాడ్‌లో రాపిడి పొర (డిస్క్‌ను తాకి అరిగే పొర) మందం, రెండోది ప్యాడ్ మార్చవలసిన కనీస మందం, మూడోది డిస్క్ కనీస మందం. కొత్త ప్యాడ్‌లో రాపిడి పొర సాధారణంగా 10 నుంచి 12 మి.మీ. ఉంటుంది. కనీస మందాన్ని తయారీదారులు ఎక్కువగా 2 లేదా 3 మి.మీ. అని ఇస్తారు. డిస్క్ కనీస మందం చాలావరకు డిస్క్ మధ్యభాగం మీదనో అంచు మీదనో అచ్చు వేసి ఉంటుంది, తుప్పు పట్టి కనబడకపోతే వైర్ బ్రష్‌తో రుద్దండి.

తయారీదారు ఇచ్చిన కనీస మందం దగ్గరికి వచ్చేదాకా ఆగడం నాకు సమ్మతం కాదు. రాపిడి పొర పలచబడే కొద్దీ డిస్క్‌లో పుట్టిన వేడికి అడ్డు తగ్గి, అది ప్యాడ్‌ను డిస్క్‌కు నెట్టే పిస్టన్ ద్వారా బ్రేక్ ఆయిల్‌కు తొందరగా చేరుతుంది. ఖాళీ బండికి 3 మి.మీ. సరే, కానీ లోడు మోసే బండికి, ట్రైలర్ లాగే బండికి 4 మి.మీ. దగ్గరే ప్యాడ్లు మార్చడం మేలు. ఆ ఒక్క మిల్లీమీటర్‌తో మీరు పోగొట్టుకునేది కొన్ని వేల కిలోమీటర్లే. నిండు లోడుతో పొడవాటి వాలు దిగేటప్పుడు దాని విలువ వేరు.

ఇప్పుడున్న ప్యాడ్లు ఎన్ని కిలోమీటర్ల దగ్గర వేయించారో గుర్తుంటే దాన్ని కూడా రాయండి. బండి పాతది కొన్నందువల్ల తెలియకపోయినా ఇబ్బంది లేదు. ఈరోజు తీసే కొలతే మొదటి కొలత అవుతుంది, 5,000 కిలోమీటర్ల తర్వాత రెండోది తీస్తే లెక్కకు అవి సరిపోతాయి.

రెండో మెట్టు: చక్రం విప్పకుండా ఒక చూపు

అల్లాయ్ చక్రాలైతే ఊచల సందుల్లోంచి, ఇనుప చక్రాలైతే రంధ్రాల్లోంచి టార్చి వేసి చూడండి. మెరిసే డిస్క్‌ను పట్టుకొని ఉన్న ఇనుప దిమ్మె కాలిపర్. దాని లోపలి వైపు డిస్క్‌కు ఆనుకొని కనిపించేది ప్యాడ్. కొత్తగా చూసేవారు తప్పటడుగు వేసేది ఇక్కడే. ప్యాడ్‌లో రెండు పొరలుంటాయి: డిస్క్‌ను తాకుతూ, బూడిదరంగులోనో నలుపులోనో గరుకుగా, సన్నటి రేణువులు అతికించినట్టు ఉండేది రాపిడి పొర, దాని వెనుక నున్నగా, రంగు పూసి, అంచులు సాఫీగా ఉండేది ఇనుప పలక. ఆ పలక ఒక్కటే 5 నుంచి 6 మి.మీ. మందం ఉంటుంది. ఆ రెంటినీ కలిపి చూసి ఇంకా 8 మి.మీ. ఉందని సంతోషించినవారి బండిలో నిజంగా మిగిలింది 2 నుంచి 3 మి.మీ. మాత్రమే. కాబట్టి డిస్క్ నుంచి మొదలుపెట్టి గరుకు పొర ముగిసి నున్నటి ఇనుము మొదలయ్యే గీత దాకానే లెక్కపెట్టండి.

కొన్ని ప్యాడ్లలో రాపిడి పొర నడుమ ఒక గాడి ఉంటుంది, అది దాదాపు మాసిపోయిందంటే ప్యాడ్ చివరిదశకు వచ్చిందని అర్థం. గాడి లేని ప్యాడ్లూ ఉన్నాయి కనుక దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. పైగా ఈ చూపుతో మీకు తెలిసేది బయటి ప్యాడ్ సంగతి మాత్రమే. డిస్క్‌కు అవతలి వైపున్న లోపలి ప్యాడ్ కనబడదు, తరచుగా ముందు అరిగేది అదే. నెలకోసారి చేసే తనిఖీకి ఈ చూపు చాలు గానీ ఆయువు లెక్కకు చాలదు.

మూడో మెట్టు: చక్రం విప్పి కొలవండి

బండిని సమతలంగా, గట్టిగా ఉన్న నేల మీద నిలిపి, బ్రేకులు పూర్తిగా చల్లారేదాకా ఆగండి. పైకి లేపని చక్రాలకు ముందూ వెనుకా అడ్డుదిమ్మెలు పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే నట్లను కొద్దిగా వదులు చేసి, ఆ తర్వాతే పుస్తకంలో చూపిన చోట జాకీ పెట్టి లేపండి. లేపిన వెంటనే బండి బరువుకు తట్టుకునే స్టాండు ఆనించండి. జాకీ ఒక్కదాని మీద నిలిచిన పికప్ కిందికి చేతులు గానీ తల గానీ పోనివ్వకూడదు.

చక్రం తీశాక కనిపించే నల్లటి పొడిని నోటితో ఊదవద్దు, గాలి పంపుతో కొట్టవద్దు. పాత ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. అది లేకపోయినా ఆ సన్నటి ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. మాస్కు పెట్టుకొని, తడిగుడ్డతో తుడవండి లేదా బ్రేక్ క్లీనర్ చల్లండి.

ముందు చక్రాల దగ్గర స్టీరింగ్‌ను బయటికి తిప్పితే కాలిపర్ వెనుకభాగం మీ వైపు వస్తుంది. చాలా కాలిపర్లకు నడుమ ఒక కిటికీ లాంటి సందు ఉంటుంది, అందులోంచి రెండు ప్యాడ్లూ కనిపిస్తాయి. మెట్లు మెట్లుగా మందాలు రాసి ఉన్న ప్యాడ్ గేజ్ దొరికితే పని తేలిక, లేదంటే వెర్నియర్ (సన్నటి మందాలు కొలిచే సాధనం) కొసతో కొలవవచ్చు. ప్రతి ప్యాడ్‌నూ పైకొసన ఒకసారి, కింది కొసన ఒకసారి కొలవండి. లోపలి ప్యాడ్‌కు రెండు, బయటి ప్యాడ్‌కు రెండు చొప్పున ఒక్కో చక్రానికి నాలుగు అంకెలు వస్తాయి. నాలుగింటినీ రాయండి, కానీ ఆయువు లెక్కకు మాత్రం అన్నిటికన్నా తక్కువ ఉన్న అంకెనే తీసుకోండి. సగటు తీయడం ఇక్కడ తప్పు, ఎందుకంటే ఇనుము ఇనుమును తాకేది అన్నిటికన్నా పలచటి చోటే.

చేతిలో పనిగా డిస్క్‌ను కూడా చూడండి. డిస్క్ అంచున ప్యాడ్ తాకని చోట ఒక సన్నటి గట్టు మిగిలి ఉంటుంది. వెర్నియర్‌ను నేరుగా అంచు మీద పెట్టి కొలిస్తే ఆ గట్టు మందమే వస్తుంది, ప్యాడ్ తిరిగే చోట డిస్క్ ఇంకా పలచగా ఉన్నా తెలియదు. గట్టు దాటి లోపలికి చేరే మైక్రోమీటర్‌తో, నాలుగైదు చోట్ల కొలవాలి. గోరు పెట్టి అడ్డంగా గీసినప్పుడు గోరు చిక్కుకునేంత లోతైన గీతలున్నా, నీలిరంగు మచ్చలున్నా, అంచునుంచి బయలుదేరిన పగుళ్లున్నా డిస్క్ గురించి వేరుగా ఆలోచించక తప్పదు. నీలిరంగు అంటే అది బాగా వేడెక్కిందని గుర్తు.

చక్రం తిరిగి బిగించేటప్పుడు నట్లను వరుసగా కాక ఎదురెదురుగా, దఫదఫాలుగా బిగించి, చివరి బిగింపును పుస్తకంలో ఇచ్చిన అంకె ప్రకారం టార్క్ పానాతో (బిగింపు బలాన్ని చూపే పానా) పూర్తిచేయండి. 50 నుంచి 100 కి.మీ. నడిచాక మళ్లీ ఒకసారి బిగింపు సరిచూసుకోండి.

వెనుక డ్రమ్ బ్రేకులున్న పికప్‌లు ఇప్పటికీ చాలా ఉన్నాయి. వాటిలో ప్యాడ్లకు బదులు లైనర్లు ఉంటాయి, అవి సాధారణంగా ముందు ప్యాడ్ల కంటే చాలా ఎక్కువ కాలం వస్తాయి. డ్రమ్ విప్పితేనే అవి సరిగా కనిపిస్తాయి, కాబట్టి ముందు ప్యాడ్లు మార్చినప్పుడల్లా వాటిని కూడా తెరిచి చూడడం మంచి పద్ధతి. వెనుక లైనర్లు డ్రమ్‌కు దూరం జరిగి సరిగా పట్టకపోతే ఆ పని కూడా ముందు ప్యాడ్ల మీదే పడుతుంది.

నాలుగో మెట్టు: లెక్క

కొత్త ప్యాడ్ 11 మి.మీ. అనుకుందాం. 30,000 కి.మీ. తర్వాత మీ కొలతల్లో అతి తక్కువ అంకె 7 మి.మీ. వచ్చింది. 4 మి.మీ. అరగడానికి 30,000 కి.మీ. పట్టింది కనుక ఒక మిల్లీమీటర్‌కు 7,500 కి.మీ. వచ్చినట్టు. 3 మి.మీ. దగ్గర మార్చాలని నిర్ణయించుకుంటే ఇంకా 4 మి.మీ. మిగిలి ఉంది, అంటే మరో 30,000 కి.మీ. రావాలి.

ఈ అంకెను అలాగే నమ్మితే దెబ్బతింటారు. ఆ తర్వాత పని పెరిగి బండి నిండు లోడుతో తిరిగిందనుకోండి. 40,000 కి.మీ. దగ్గర కొలిస్తే 5 మి.మీ. వచ్చింది. మొదటినుంచీ ఉన్న సగటు తీస్తే 6 మి.మీ.కి 40,000, అంటే మిల్లీమీటర్‌కు సుమారు 6,700 కి.మీ. ఆ ప్రకారం ఇంకో 13,000 కి.మీ. దాకా వస్తుందని తేలుతుంది. కానీ చివరి 10,000 కిలోమీటర్లలోనే 2 మి.మీ. పోయింది, అంటే ఇప్పుడు మిల్లీమీటర్‌కు వస్తున్నది 5,000 మాత్రమే. మిగిలిన 2 మి.మీ.కి వచ్చేది 10,000 కి.మీ. పికప్ విషయంలో ఎప్పుడూ చివరి రెండు కొలతల మధ్య వచ్చిన అరుగుదల వేగాన్నే లెక్కకు తీసుకోవాలి. గడచిన సగటు గడచిన పనికే వర్తిస్తుంది. అలా వచ్చిన అంకెలో కూడా నాలుగో వంతు తీసేసి, మిగిలినదానిలో సగం దూరం నడిచేసరికి మళ్లీ కొలవండి. పై ఉదాహరణలో అది 3,750 కి.మీ. తర్వాత. అంత తొందరగానా అనిపించవచ్చు, కానీ చివరి రెండు మిల్లీమీటర్ల దగ్గర తొందర అవసరమే.

మామూలు రోజుల్లో 10,000 కి.మీ.కి ఒకసారి, అంటే టైర్లు ముందువి వెనుకకు మార్చే సమయంలోనే కొలిస్తే వేరే శ్రమ ఉండదు. లోడు బండికి 5,000 కి.మీ.కి ఒకసారి చూడాలి. నోటుపుస్తకంలో తేదీ, మీటరు అంకె, ఒక్కో చక్రానికి నాలుగు కొలతలు, వాటి పక్కనే ఆ మధ్యకాలంలో బండి ఏ పని చేసిందో ఒక్క ముక్కలో రాయండి. "ఎక్కువగా ఖాళీ", "ఇసుక లోడు", "ట్రైలర్" అన్నంత చాలు. రెండు మూడు సార్లు రాసేసరికి ఏ పనికి మీ బండి ఎంత ప్యాడ్ తింటుందో మీకే స్పష్టమవుతుంది.

కొలతల మధ్య తేడా ఏం చెబుతుంది?

నా దృష్టిలో ఈ శ్రమంతటికీ అసలు ప్రతిఫలం ఇక్కడే ఉంది. ప్యాడ్లు త్వరగా పోతున్నాయని డ్రైవర్‌నో కంపెనీనో తప్పుపట్టే ముందు నాలుగు అంకెల మధ్య తేడాను చూడాలి.

పికప్‌లలో ఎక్కువగా కనిపించేది ఒకే వైపు పిస్టన్ ఉండి, రెండు పిన్నుల మీద అటూ ఇటూ జరిగే కాలిపర్. పెడల్ నొక్కగానే పిస్టన్ లోపలి ప్యాడ్‌ను డిస్క్‌కు నెడుతుంది, దాని ప్రతిబలంతో కాలిపర్ పిన్నుల మీద వెనక్కి జరిగి బయటి ప్యాడ్‌ను కూడా డిస్క్‌కు లాగుతుంది. బురదో తుప్పో చేరి, గ్రీజు ఎండి పిన్నులు పట్టేస్తే కాలిపర్ జరగదు. అప్పుడు పనంతా లోపలి ప్యాడ్ మీద పడుతుంది. లోపలి ప్యాడ్ 3 మి.మీ., బయటిది 7 మి.మీ. ఉన్న చక్రం మీకు కనిపిస్తే అది ప్యాడ్ నాణ్యత సమస్య కాదు. పిన్నులు చేత్తో లాగితే సులువుగా రావాలి, రాకపోతే విప్పి శుభ్రం చేసి, చిరిగిన రబ్బరు తొడుగులు మార్చి, బ్రేకుల కోసమే చేసిన సిలికాన్ గ్రీజు పూయాలి. మామూలు బేరింగ్ గ్రీజు వాడితే రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ పట్టేస్తుంది. పిన్నులు బాగానే ఉండి లోపలి ప్యాడ్ మాత్రమే అరుగుతుంటే పిస్టన్ సరిగా వెనక్కి రావడం లేదని అనుమానించాలి.

ఒకే ప్యాడ్‌లో పైకొస ఒకలా, కింది కొస ఒకలా అరిగితే ప్యాడ్ చెవులు కూర్చునే గాడిలో తుప్పు చేరి, ప్యాడ్ వంకరగా నిలుస్తున్నదని అర్థం. కుడి చక్రం ఒకలా, ఎడమ చక్రం ఒకలా అరిగితే కాలిపర్ పట్టేయడం గానీ, బ్రేక్ గొట్టం లోపలి పొర చెడి ఆయిల్ వెనక్కి రాకుండా అడ్డుపడడం గానీ కారణం కావచ్చు. బయటికి నిక్షేపంగా కనిపించే గొట్టం లోపల ఇలా మూసుకుపోతే పెడల్ వదిలాక కూడా ప్యాడ్ డిస్క్‌ను రాసుకుంటూనే ఉంటుంది. గట్టిగా బ్రేకు వేయకుండా కొంత దూరం నడిపి ఆపి, రెండు వైపులా డిస్క్ వేడిని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూస్తే తేడా బయటపడుతుంది. చేత్తో తాకి చూడవద్దు, చర్మం కాలుతుంది.

ప్యాడ్ ఉపరితలం అద్దంలా నున్నగా మెరుస్తుంటే అది అతిగా వేడెక్కి గట్టిపడినట్టు. ఇనుప పలకకూ రాపిడి పొరకూ మధ్య తుప్పు ఉబ్బి పొర లేస్తుంటే మందం ఎంత ఉన్నా ఆ ప్యాడ్‌ను పారేయాలి. వెనుక యాక్సిల్ సీలు కారి గేరాయిల్ తగిలిన ప్యాడ్లు, లైనర్లు తుడిచినా పనికిరావు, సీలు బాగుచేసి వాటిని కూడా మార్చాల్సిందే.

కొలతల మధ్యకాలంలో బండి ఇచ్చే సూచనలు

చాలా ప్యాడ్లకు ఒక సన్నటి ఇనుప రేకు ఉంటుంది. పొర పలచబడినప్పుడు అది డిస్క్‌ను తాకి కీచుమంటుంది. కొన్ని బండ్లలో దాని స్థానంలో తీగతో కూడిన సెన్సర్ ఉండి డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. ఈ రేకు గానీ సెన్సర్ గానీ అన్ని ప్యాడ్లకూ ఉండదు, ఒక్కో చక్రంలో ఒకే ప్యాడ్‌కు ఉన్నా ఆశ్చర్యం లేదు. కాబట్టి చప్పుడు రాకపోవడాన్ని భరోసాగా తీసుకోకూడదు. తడి ఉదయాల్లో మొదటి రెండు మూడు బ్రేకులకు వచ్చే కీచు డిస్క్ మీది పలచటి తుప్పు వల్ల వచ్చేది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. గరగరమని ఇనుము గీసుకునే చప్పుడు వస్తే మాత్రం రాపిడి పొర అయిపోయినట్టే, అక్కడినుంచి నడిపే ప్రతి కిలోమీటరూ డిస్క్‌ను తినేస్తుంది.

పెడల్ కింద అదురు వస్తే దానికి ఎక్కువగా కారణం ప్యాడ్ కాదు, డిస్క్ మందం చుట్టూ ఒకేలా లేకపోవడం. బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం నెమ్మదిగా దిగుతుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి: ప్యాడ్లు అరిగే కొద్దీ పిస్టన్లు ముందుకు వస్తాయి, ఆ ఖాళీలోకి ఆయిల్ చేరుతుంది. లీకు లేదని నిర్ధారించుకొని, మట్టం కనిష్ఠ గీత దగ్గరికి వచ్చిందంటే ఆయిల్ పోయకుండా ముందు ప్యాడ్లు కొలవండి. నింపేస్తే కొత్త ప్యాడ్లు వేసే రోజున పిస్టన్ వెనక్కి నెట్టగానే ఆ ఆయిల్ పొంగి రంగు మీద పడుతుంది, రంగు లేచిపోతుంది.

కొత్త ప్యాడ్లు ఎంచుకోవడం, వేయడం

ఒక యాక్సిల్ మీది రెండు చక్రాలకూ ఒకేసారి, ఒకే రకం ప్యాడ్లు వేయాలి. ఆర్గానిక్ రకం మెత్తగా, చప్పుడు లేకుండా పట్టుకుంటుంది గానీ వేడికి తట్టుకోవడంలో వెనుకబడుతుంది, త్వరగా అరుగుతుంది. సిరామిక్ రకం పొడి తక్కువ, చప్పుడు తక్కువ, ఖాళీగా తిరిగే బండికి ఎక్కువ కాలం వస్తుంది. సెమీ మెటాలిక్ రకంలో లోహపు పాలు ఎక్కువ, పొడి రాలుతుంది, కాస్త చప్పుడు చేస్తుంది, కానీ లోడు మీద పదేపదే వేడెక్కినా పట్టు నిలుపుతుంది. తొట్టి నిండా బరువు మోసేవారికీ ట్రైలర్ లాగేవారికీ నేను సెమీ మెటాలిక్‌నే సూచిస్తాను. ఎక్కువ కాలం రావడం ఒక్కటే కొలమానమైతే ఇనుప ముక్క పెట్టుకోవచ్చు కదా!

ప్యాడ్ అంచున అచ్చువేసిన వరుసలో చివర ఎఫ్ఎఫ్ (FF), జీజీ (GG) వంటి రెండు అక్షరాలు కనిపిస్తాయి. మొదటిది మామూలు వేడిలో, రెండోది ఎక్కువ వేడిలో ప్యాడ్ చూపే ఘర్షణ గుణకానికి గుర్తు. 'ఈ' (E) అక్షరం అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. రెండో అక్షరం మొదటిదాని కంటే కింది స్థాయిలో ఉంటే వేడెక్కినప్పుడు పట్టు తగ్గుతుందన్నమాట. ఈ అక్షరాలు పట్టును చెబుతాయి గానీ ఆయువును చెప్పవు.

వేసే పని మీరే చేసుకుంటే కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. విప్పిన కాలిపర్‌ను గొట్టం మీద వేలాడనివ్వకుండా తీగతో కట్టండి. వెనుక కాలిపర్లలో ఎలక్ట్రిక్ హ్యాండ్‌బ్రేక్ ఉంటే దాన్ని సర్వీస్ మోడ్‌లో (పని చేసేందుకు పిస్టన్‌ను వదులు చేసే ఏర్పాటు) పెట్టకుండా పిస్టన్‌ను బలవంతంగా నెట్టవద్దు. కొన్ని వెనుక పిస్టన్లను నెట్టడం కాక తిప్పుతూ లోపలికి పంపాలి. పనంతా ముగిశాక, బండి కదలకముందే పెడల్ గట్టిపడేదాకా పలుమార్లు నొక్కండి. ఇది మరిస్తే మొదటి బ్రేకుకు పెడల్ నేలకు తాకుతుంది, బండి ఆగదు.

తర్వాత ఖాళీ రోడ్డు మీద 50 కి.మీ. వేగం నుంచి 10 కి.మీ. దాకా, మరీ గట్టిగా కాకుండా ఎనిమిది పది సార్లు బ్రేకు వేసి, ప్రతిసారీ మధ్యలో అర నిమిషం నడపండి. వేడి మీద ఉండగా పూర్తిగా ఆపి పెడల్ పట్టుకొని ఉండవద్దు. దీనివల్ల ప్యాడ్ పదార్థం డిస్క్ మీద ఒక పలచటి పొరగా సమంగా పరుచుకుంటుంది. తయారీదారు వేరే పద్ధతి చెబితే దాన్నే పాటించండి. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నిండు లోడు, పెద్ద వాలు తప్పించగలిగితే మంచిది.

ఆయువు పెంచే నడక

రోడ్డును ముందుగానే గమనించి యాక్సిలరేటర్ త్వరగా వదిలేయడం కంటే ప్యాడ్లను ఎక్కువగా కాపాడేది మరొకటి లేదు. దాని తర్వాతిది ఇంజన్ బ్రేకింగ్, అంటే కింది గేరులో ఇంజన్‌తోనే వేగాన్ని అదుపు చేయడం. వాలు మొదలయ్యాక కాదు, మొదలయ్యే ముందే కింది గేరుకు రావాలి. ఆటోమేటిక్ బండిలో టో మోడ్ (బరువు లాగేటప్పటి గేరు ఏర్పాటు) ఉంటే దాన్ని వేయాలి. వాలులో పెడల్ మీద తేలికగా కాలు ఆనించి ఉంచడం కంటే, వేగం పెరిగినప్పుడు ఒకసారి గట్టిగా నొక్కి తగ్గించి పూర్తిగా వదిలేస్తే డిస్క్‌కు చల్లారే వ్యవధి దొరుకుతుంది.

ట్రైలర్‌కు సొంత బ్రేకులుంటే అవి సరైన పాళ్లలో పట్టేలా, వాటిని నడిపే కంట్రోలర్‌ను లోడుకు తగ్గట్టు సరిచేసుకోవాలి. అవి సరిగా పట్టకపోతే ట్రైలర్ బరువంతా పికప్ ప్యాడ్లే ఆపాలి, నోటుపుస్తకంలో అరుగుదల వేగం ఒక్కసారిగా పెరిగిందంటే ముందు చూడవలసింది అక్కడే.

బ్రేక్ ఆయిల్ ప్యాడ్ ఆయువును నేరుగా పెంచదు గానీ వేడి సంగతి వచ్చినప్పుడు దాన్ని విడిచి మాట్లాడలేం. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 140కి దిగుతుంది. డాట్ 4కు అవే అంకెలు 230, 155. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చడం లోడు బండికి తప్పనిసరి అనే అనుకోండి. నిండు లోడుతో వాలులో, పలచబడిన ప్యాడ్‌తో, పాత ఆయిల్‌తో దిగితే ఆయిల్ మరిగి బుడగలు పుట్టి పెడల్ మెత్తబడుతుంది, అప్పుడు ప్యాడ్ ఎంత మిగిలి ఉన్నా ఉపయోగం ఉండదు.

ఎక్కువగా నిలిచి ఉండే బండికి కిలోమీటర్ల లెక్క వర్తించదు. నెలల తరబడి కదలని పికప్‌లో ప్యాడ్ అరగకపోయినా పిన్నులు పట్టేస్తాయి, డిస్క్ మీద తుప్పు ప్యాడ్ ఆకారంలో మచ్చ వేస్తుంది, ఇనుప పలక దగ్గర పొర లేస్తుంది. అలాంటి బండికి మీటరు ఎంత చూపినా ఏడాదికి ఒకసారి చక్రాలు విప్పి, పిన్నులు కదిపి చూసి, అదే నాలుగు కొలతలు తీయండి. నదిలోనో, నీళ్లు నిలిచిన దారిలోనో చక్రాలు మునిగేలా నడిపినవారు మాత్రం ఏడాది దాకా ఆగకుండా, ఆ ప్రయాణం ముగిసిన వారంలోనే పిన్నులు చూడాలి.